ముల్లంగి మడి దగ్గర

మా అపార్ట్‌మెంటు వాళ్ళకు మిద్దె తోటల పిచ్చి పట్టుకుని రెండేళ్ళు కావస్తోంది. బట్టలు ఆరేయడానికి పైకి పోతే కాలు పెట్టే సందు ఉండదు. అన్నీ మట్టి సంచులు, ప్లాస్టిక్ టబ్బులు, వేపపిండి వాసన. ఎవరి వంకాయ ఎంత లావైందో ఫోటోలు తీసి పెట్టుకోవడం, ఒకరినొకరు పొగుడుకోవడం. పోయిన నెల మూడో అంతస్తు అమ్మాయి వచ్చి నా తలుపు కొట్టింది. ముల్లంగి గింజలు చల్లిందట, ఒత్తుగా మొలిచాయట, సగం పీకేస్తే తప్ప గడ్డ ఊరదని ఫోనులో ఎవరో చెప్పారట. తనకేమో చేతులు రావడం లేదట. "మీరు పల్లెలో పుట్టినవారు కదాంటీ, మీకలవాటే. ఒక్కసారి వచ్చి పీకిపెట్టండి, నాకు పాపం అనిపిస్తోంది" అంది. నాకెక్కడ లేని కోపం వచ్చింది. నీకు పాపమనిపించే పని నాతో చేయించుకుందామని వచ్చావా, నీ చేతికి అంటకూడనిది నా చేతికి అంటొచ్చా అని అడిగేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఇప్పుడు లిఫ్టులో ఎదురుపడితే ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తోంది. తను అడిగినదాంట్లో నిజానికి తప్పేమీ లేదు.

ఆ కోపం ఆ పిల్ల మీద కాదు. నాలుగు నెలలుగా రాయవలసినదొకటి రాయకుండా తప్పించుకు తిరుగుతున్నాను. రాయమన్నది నా చెల్లెలు అలివేలు. ఇన్నేళ్ళలో అది తన కోసం నన్ను చేయమని అడిగిన పని ఆ ఒక్కటే. కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా స్టవ్ మీద పాలో, బ్యాంకు పనో గుర్తుకొస్తుంది, లేచిపోతాను. ఇవాళ లేవదలచుకోలేదు. అది అడిగిందేమిటో అర్థం కావాలంటే ముందు మా ఇంటి వెనకాల ముల్లంగి మడి సంగతి చెప్పాలి.

మా ఊరు వనపర్తికి నడిచిపోయేంత దగ్గరా కాదు, బస్సు వేళకు వస్తుందని నమ్ముకునేంత పెద్ద ఊరూ కాదు. చుట్టూ నీటి వసతి లేని ఎర్రమట్టి చెల్కలు, రాళ్ళు, వానొస్తే జొన్న, వేరుశనగ, రాకపోతే ఆకాశం చూడడం. ఇంటి వెనక పెరట్లో ఒక పక్క పశువుల కొట్టం, ఇంకో పక్క తానాలు చేసే బండ. ఆ రెంటి మధ్యా నాలుగు మంచాలు వేసేంత జాగాలో మా అవ్వ ముల్లంగి మడి కట్టింది. అవ్వ అంటే మా నాయిన తల్లి. బండ మీద పోసుకున్న నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒక్క చుక్క బయటికి పోకుండా చిన్న కాలువ తీసి మడిలోకి మళ్ళించింది. మా ఇంట్లో తానం మనిషి కోసం చేసేది కాదు, ముల్లంగి కోసం చేసేది. మడి ఎండినట్టుంటే అవ్వ ఎవరు కనబడితే వాళ్ళను బండ మీదికి తరిమేది. నాయిన పొద్దున్నే తానం చేయకుండా చేను మీదికి పోతే ఆ రోజంతా ఆయనకు తిట్లే. సబ్బు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. సబ్బు నీళ్ళకు ఆకు మాడిపోతుందని ఆమె నమ్మకం. మాకు శనగపిండి, తలకు కుంకుడు రసం. అమ్మ ఒక్కతే ఎర్ర సబ్బు ముక్క చీర కొంగులో దాచుకుని అవ్వ పొరుగింటికి పోయినప్పుడు గబగబా రుద్దుకునేది. ఇప్పటికీ కుంకుడు వాసన వస్తే నాకు తలస్నానం కాదు, తడిసిన మట్టీ, కొట్టంలో పేడా, ముల్లంగాకు ఘాటూ కలిసి గుర్తొస్తాయి.

అవ్వకు మనుషులతో కంటే ఎద్దులతో మాట్లాడడం ఎక్కువ. పొగాకు నములుతూ మడి పక్కన రాయి మీద కూర్చునేది. ఏటేటా రెండు మంచి గడ్డలను తవ్వకుండా వదిలేసి, పూతకు రానిచ్చి, కాయలు ఎండబెట్టి, ఆ గింజలను బూడిదలో కలిపి ఎండిన సొరకాయ బుర్రలో పోసి దూలానికి వేలాడదీసేది. వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఒకసారి, దసరా పోయాక ఒకసారి ఇసుకలో కలిపి చల్లేది. చూపు తగ్గిన తర్వాత ఆ చల్లడం ఎక్కడ పడితే అక్కడ పడేది. నాలుగు రోజులకు మడంతా పచ్చగా, కిక్కిరిసి మొలిచేది. మూడో ఆకు వేసేవరకు ఆగి, తెల్లారి లేస్తూనే చెంబెడు చెంబెడు నీళ్ళు చిలకరించి, నేల మెత్తబడ్డాక పీకుడు మొదలు. మొక్కకూ మొక్కకూ మధ్య బెత్తెడు జాగా ఉండాలి. నాలుగు వేళ్ళు నేల మీద ఆనించి కొలుచుకోవాలి. ఉంచదలచిన మొక్క మొదట్లో ఎడమచేత్తో మట్టి అదిమిపట్టి, పక్కదాన్ని మెడ దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి. వంకరగా లాగితే ఉండవలసినది కూడా కదిలిపోతుంది. పీకినవాటిని పారేసేది లేదు. వేళ్ళు తుంచి, కడిగి, పచ్చిమిరపకాయలు వేసి ఆ పూటే పప్పు. వేడి జొన్నరొట్టెతో ఆ పప్పు రుచి గురించి రాయమంటే ఇంకో పది పేజీలు రాస్తాను, అలాంటివి రాయడం నాకు బాగా చేతనవును.

ఇందులో అవ్వకొక పట్టింపు ఉండేది. విత్తనం వేసిన మనిషి మొక్క పీకకూడదు. మడి తవ్విన మనిషీ, నీళ్ళు పోసిన మనిషీ పీకకూడదు. వేసిన చేత్తోనే తీస్తే ఆ చేతికి మళ్ళీ మొలక రాదని ఆమె భయం. ఆ భయం ఆమె అత్తగారి నుంచి వచ్చిందట. మా వాడలో ఇంకెవరికీ ఈ పట్టింపు లేదు. అవ్వ విత్తేది, అమ్మ నీళ్ళు పోసేది, నాయిన మడి తవ్వేవాడు. ముగ్గురూ పనికిరారు. మిగిలింది మేమిద్దరం. అలివేలు గింజల బుర్ర పట్టుకుని అవ్వ వెనకాలే తిరిగేది కనక దానికీ కుదరదు. అలా పీకే పని నా ఎనిమిదో ఏట నా నెత్తిన పడింది. అవ్వ రాయి మీద కూర్చుని మడికి వీపు పెట్టేది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని అడిగితే, నేను చూడ, నువ్వే చూస్కో అనేది.

మొదటిసారి నాకు ఏడుపొక్కటే తక్కువ. మడిలో ఏ రెండు మొక్కల్ని చూసినా రెండూ బాగానే కనబడేవి. ఏదో అక్కడొకటి ఇక్కడొకటి లాగి, అయిపోయిందవ్వా అని చెప్పి పారిపోయాను. నెలన్నర తర్వాత తవ్వితే గడ్డల్లేవు. చిటికెన వేలంత లావున ఎర్రబారిన పీచువేళ్ళు, పైన మాత్రం గుబురు ఆకు. అవ్వ తిట్టలేదు, అరవలేదు. ఆ వేళ్ళనే ముక్కలు కోయించి, కూర వండించి, మొత్తం నా కంచంలో వడ్డించింది. మిగతా అందరికీ పచ్చడి. అలివేలు తన చేయి చాచబోతే ఆపి, అది దయ తల్చింది గదా, అదే తినాలె అంది. పీచు గొంతులో అడ్డం పడుతుంటే నీళ్ళు తాగి తాగి మింగాను.

మరుసటి ఏడు నేను దయ తలచలేదు. బెత్తెడంటే బెత్తెడే. నాలుగు వేళ్ళు ఆనించి, వాటి కింద ఏది పడితే అది లాగేశాను. ఆ ఏడు పట్టుకుంటే చేతిలో ఇమడని గడ్డలు ఊరాయి. నాయిన ఒక గడ్డను అరుగు మీద పెట్టి వచ్చేపోయేవాళ్ళకు చూపించాడు. పెద్దదాని చెయ్యి గట్టిది అన్నాడు. అవ్వ కూడా ఆ మాటే అంది, ఆమె నోటి నుంచి నాకు వచ్చిన మెప్పు అదొక్కటే. తర్వాత మా వాడలో పట్టింపు లేనివాళ్ళు కూడా నన్ను పిలవడం మొదలుపెట్టారు. నేను ఇంటింటికీ పోయి పీకేదాన్ని. ఎంత గర్వమో ఏం చెప్పను. పదేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళు తమ చేతకాని పనిని అంటగట్టి, దానికి గట్టి చెయ్యని పేరు పెడితే, ఆ పిల్ల దాన్ని పతకంలాగా వేసుకుని తిరిగింది.

అలివేలు నాకంటే ఏడాదిన్నర చిన్నది. నన్ను బళ్ళో వేసిన రోజు నా లంగా పట్టుకుని వదలకుండా ఏడిస్తే, సారు విసుక్కుని దాని పేరు కూడా రాసేశాడు. అలా ఇద్దరం ఒకే తరగతి. నా లెక్కలు అదే చేసేది. సారు నన్ను లేపి అడిగితే పక్కన కూర్చుని పెదవులు కదలకుండా జవాబు చెప్పేది. పొట్లాలు కట్టిన పేపరు ముక్క దొరికితే చదివి గానీ పారేసేది కాదు. పశువుల కాడికి పోతే ఎద్దులకు పాఠాలు అప్పజెప్పేది, అవ్వ ముక్కున వేలేసుకునేది. నాకు దానంటే ప్రాణం, దాని తెలివంటే మంట. రెండూ నిజమే. దాని జవాబు నా నోట్లోంచి వచ్చినప్పుడు సారు శభాష్ అంటే, దానికి సంతోషం, నాకు కడుపులో పుండు.

ఏడో తరగతి పరీక్షల నాటికి వరసగా రెండేళ్ళు వానల్లేవు. ఊరి బావిలో నీళ్ళు అడుక్కు పోయాయి. ఆ ఎండాకాలంలో అమ్మ నిండుకుండతో బావి మెట్ల మీద జారిపడింది. వనపర్తి దవాఖానాలో చూపించారు, పట్టీ వేశారు, లేచి తిరిగింది గానీ మళ్ళీ నడుము వంచలేకపోయింది. నీళ్ళు మోయాలి, కొట్టం ఊడవాలి, రొట్టెలు చేయాలి, చేనికి సద్ది మోయాలి. ఈ పనంతా ఇంట్లో ఎవరో ఒకరి మీద పడాలి. పై చదువుకు హైస్కూలు వనపర్తిలోనే. అక్కడ మా మేనత్త ఇంట్లో ఒక పిల్ల ఉండి చదువుకోవచ్చని కబురొచ్చింది. ఒక పిల్ల. ఇద్దరమూ పాసయ్యాం. అలివేలుకు బడి మొత్తంలో ఎక్కువ మార్కులు వచ్చాయి. సారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, చిన్నదాన్ని పంపండి, దాన్ని ఆపితే మీకు మంచిది కాదు అని గట్టిగానే చెప్పి పోయాడు. ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. బడులు తెరిచారు. అయినా ఎత్తలేదు.

ఎవరూ ఎత్తకపోవడం చూస్తూ నేను ఊరుకున్నాను గానీ అలివేలు ఊరుకోలేదు. పాత పేపర్లు సంపాదించి మూడు నోటు పుస్తకాలకు అట్టలు వేసుకుంది. పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచి, సంచిలో పెట్టి, దండెం మీద బట్టల వెనక దాచింది. అత్త వాళ్ళ ఇంటి నుంచి బడికి ఎంత దూరమో, మధ్యలో ఎన్ని మలుపులో నాయినను రెండుసార్లు అడిగింది. అర్థమైందా? అడిగింది. నేను విన్నాను.

మిరుగుకు వేసిన ముల్లంగి మూడో ఆకు వేసింది. ఊరంతా ఎండినా మా మడి తానం నీళ్ళతో బతికింది. ఆ పొద్దున నేను మడిలో కూర్చుని పీకుతున్నాను. అవ్వ ఎప్పటిలాగే రాయి మీద, వీపు ఇటు పెట్టి. అమ్మ గడపలో గోడకానుకుని నిలబడింది. అలివేలు కనబడలేదు, నీళ్ళకు పోయిందనుకున్నాను. నాయిన వచ్చి మడి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు నేను పీకిన మొక్కలను అటూ ఇటూ సర్దాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"బిడ్డా, సారు చిన్నదాన్ని పంపుమన్నడు. మీ అమ్మ నోరిప్పుతలేదు. నాకు ఇద్దరొక్కటే, ఒకర్ని ఆపమని నా నోటితోని నేను చెప్పలేను. నీ చెయ్యి గట్టిది. నువ్వే చెప్పు, ఎవరు పోవాలె?"

పదమూడేళ్ళ పిల్లను అడిగాడు. కన్నవాడు చెప్పలేని మాటను, కన్నతల్లి గడపలో నిలబడి వింటుంటే, నాయినమ్మ వీపు తిప్పుకుని కూర్చుంటే, నన్ను అడిగాడు. విత్తిన చేతులు పీకకూడదు కదా. వాళ్ళ ముగ్గురి చేతులూ శుభ్రంగా ఉన్నాయి.

నేను పోత అన్నాను. తడుముకోలేదు. నా చేతిలో మొక్క కూడా కింద పెట్టలేదు. మరి చిన్నది అన్నాడు నాయిన. అక్కడితో ఆగి ఉంటే, నేను పోతానన్న మాటతో ఊరుకుని ఉంటే, ఇవాళ ఈ కాగితం ముందు ఇంత నరకం ఉండేది కాదు. కానీ నాయిన ముఖంలో ఏదో అడ్డం పడుతున్నట్టు కనబడింది. సారు మాట అడ్డం పడుతోందని నాకు తెలుసు. దాన్ని తీసేయాలనుకున్నాను.

"దానికి పోవాల్నని లేదు నాయినా. నాతోని చెప్పింది. అమ్మను ఇడిసి ఉండలేనన్నది."

అవ్వ ఇటు తిరక్కుండానే, అదే వద్దన్నదంటే ఇంకేంది మరి అంది. అమ్మ లోపలికి పోయింది. నాయిన లేచి పంచె దులుపుకున్నాడు. నేను చెప్పింది అబద్ధమని ఆ ముగ్గురికీ తెలుసు. మలుపులెన్నో అది అడిగింది నాయిననే కదా. కానీ వాళ్ళకు కావలసింది నిజం కాదు, ఎవరో ఒకరి నోటి నుంచి ఒక మాట. అది నేనిచ్చాను. ఆ పూట పప్పు అందరం తిన్నాం.

సాయంత్రం నాయిన అలివేలును పిలిచి, అక్క పోతది బిడ్డా, నీకు ఎట్లాగూ పోవాల్నని లేదంట గదా, అమ్మకు ఆసరగ ఉండు అన్నాడు. అది నా వైపు చూసింది. నేను జడ అల్లుకుంటున్నాను, అల్లుకుంటూనే ఉన్నాను. అది తల వంచుకుంది. వంచుకోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకున్నారు. మర్నాడు అట్టలు వేసిన మూడు పుస్తకాలూ తెచ్చి నా సంచిలో పెట్టింది. నేను వాటి మీద నా పేరు రాసుకున్నాను.

వనపర్తిలో నేను బాగానే చదివాను, మరీ గొప్పగా కాదు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి పోయేదాన్ని, సోమవారం తెల్లారి వచ్చేదాన్ని. ఆ తర్వాతి ఏడుకే అవ్వ చూపు పూర్తిగా పోయి, విత్తడం అలివేలు చేతికి వచ్చింది. పీకే రోజు నా శనివారానికి వచ్చేలా చూసుకుని విత్తేది. నేను పోయి పీకేదాన్ని. అది పక్కన కూర్చుని ఆ వారం బళ్ళో ఏం చెప్పారో అడిగేది. మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి, నీకెందుకే అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. సోమవారం నా సంచిలో కడిగిన గడ్డలు ఆకుతో సహా కట్టి పెట్టేది. అది పాఠం చదవాల్సిన చోట కూర్చుని, అది పండించిన ముల్లంగి ఉప్పు కారం అద్దుకుని కొరుక్కు తింటూ, దానికంటే నెమ్మదిగా అవే లెక్కలు చేశాను. ఏనాడూ గొంతు దిగకపోవడం అంటూ లేదు. బాగానే దిగింది.

తర్వాత టీచరు శిక్షణ, గద్వాలలో ఉద్యోగం, ఆ పైన నాగర్‌కర్నూలు, చివరికి హైదరాబాదు. అలివేలుకు తెలకపల్లి దగ్గర ఒక ఊరి సంబంధం చేశారు. మంచివాడే. పత్తి, మొక్కజొన్న, ఎండ. అవ్వ పోయింది, నాయిన పోయాడు, పోయిన ఏడు అమ్మ కూడా పోయింది. ముగ్గురూ ఆ పొద్దుటి సంగతి ఒక్కసారి కూడా ఎత్తకుండానే పోయారు. అమ్మ చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని ఏదో అనబోతే, ఇప్పుడైనా అంటుందేమోనని చెవి దగ్గర పెట్టాను. దాహమంది.

ఈలోగా నేను రచయిత్రినయ్యాను. ఇంకా సిగ్గుమాలిన సంగతి ఇప్పుడు చెప్పాలి. ఈ చిన్ననాటి కథ నేను ఒకసారి రాసేశాను. నా మొదటి వ్యాసాల పుస్తకంలో చెల్లెలి మీద ఒక వ్యాసం ఉంది. అందులో కరువుంది, అమ్మ నడుముంది, ముల్లంగాకు పప్పుంది. నా చెల్లెలికి అమ్మను విడిచి పోవాలని లేదు, చదువును తనే నాకు వదిలేసింది, అలాంటి మనసులు ఇప్పుడెక్కడున్నాయి అని రాశాను. చదివినవాళ్ళు ఏడ్చారు. ఉత్తరాలు రాశారు. ఒక సభలో నాకు గద్వాల చీర పెట్టారు. ఆ చీర తీసుకుపోయి అలివేలుకిచ్చాను, దాంతో నా మనసు తేలికవుతుందని. అది చీరను రెండు చేతులతో తీసుకుని, పుస్తకం కూడా ఇయ్యి అంది. పదమూడేళ్ళప్పుడు భయంతో, ఆశతో ఆడిన అబద్ధం వేరు. నలభై ఏళ్ళు దాటాక, తీరుబడిగా, సొగసైన మాటల్లో, అచ్చులో అదే అబద్ధం ఆడడం వేరు. రెండోసారి నన్నెవరూ అడగలేదు.

ఆ రోజులు మంచివి, మనుషులు మంచివాళ్ళు అని నా ఈడువాళ్ళు కూర్చున్నచోటల్లా అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం మంచి? ఇప్పుడు మా ఊరి పిల్లలు వనపర్తికి పసుపురంగు బస్సుల్లో పోయి వస్తున్నారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పోతున్నారు. ఇంట్లో నల్లా తిప్పితే నీళ్ళు. మడి ఉన్నచోట మా చిన్నాన్న కొడుకు ట్రాక్టరు నిలుపుకుంటున్నాడు. పోయినసారి అక్కడ నిలబడి చూశాను, నాకు ఏ బెంగా రాలేదు. ఆనాటి పప్పు రుచి నిజమే, కుంకుడు వాసన నిజమే. వాటిని పట్టుకుని వేలాడుతూ మిగతాది చెప్పకుండా దాటేసే విద్య నాకొచ్చు, ఆ విద్యతోనే ఇన్నాళ్ళు బతికాను. అలివేలు ఆ పుస్తకం చదవకపోయి ఉంటే ఇంకా అలాగే బతికేదాన్ని.

నాలుగు నెలల కిందట దాని ఇంటికి పోయాను. పొద్దున పూట, వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను. నా పుస్తకానికి పేపరు అట్ట వేసి గూట్లో పెట్టుకుంది. ఒలుస్తూ ఒలుస్తూనే, నీ పుస్తకం మల్ల చదివిన అక్కా, మంచిగ రాసినవ్, మా ఊరి సారు గూడ మెచ్చుకున్నడు అంది. నేను సంతోషంగా నవ్వాను కూడా.

"ఒక్క కాడ తప్పున్నది" అంది అలివేలు. "నాకు పోవాల్నని లేకుండె అని రాసినవ్."

నేనూ కుప్పలోంచి ఒక కాయ తీసుకుని నొక్కాను.

"ఆ దినం నేను కొట్టంల పేడ ఎత్తుతున్న. నాయిన అడిగింది ఇన్న. నువ్వు చెప్పింది ఇన్న."

మరి అప్పుడే బయటికి వచ్చి అబద్ధమని ఎందుకు చెప్పలేదే అన్నాను. సిగ్గు లేకుండా దాన్నే అడిగాను. అది కాయలు ఒలవడం ఆపలేదు. నువ్వే వచ్చి చెప్తవనుకున్న అంది. శనివారం శనివారం బస్సు దిగి నేను వస్తుంటే, ఇయాల చెప్తదేమో అనుకునేదట. మడిలో పక్కన కూర్చున్నప్పుడు, ఇప్పుడు చెప్తదేమో అనుకునేదట. తర్వాత ఎప్పుడో అనుకోవడం బందు చేసిందట. నేను చిన్నపిల్లనని, వాళ్ళు నన్ను అడగకుండా ఉండాల్సిందని ఏదో నీళ్ళు నమిలాను. అదీ నిజమే, నిన్ను అడుగుడే తప్పు అని ఒప్పుకుంది. నా మీద జాలిపడుతున్నట్టుగా ఒప్పుకుంది. అది నాకు ఇంకా కష్టమైంది.

"నువ్వు పోతనన్నందుకు నాకు కోపం లేదక్కా. నన్నడిగినా నేను గట్లనే అంటుంటి. గానీ నాకు పోవాల్నని లేదన్నవ్ సూడు. ఊర్ల అందరు అదే నమ్మిన్రు. నా పెనిమిటి, నీకు సదువంటె ఇష్టం లేకుండె గదా అంటడు. నా బిడ్డలు గూడ గదే అనుకుంటున్రు. ఇప్పుడు పుస్తకంల గూడ వడ్డది." ఒలిచిన పలుకులు చేటలోకి దులిపింది. "మల్ల ఎప్పుడన్న రాస్తే, నాకు పోవాల్నని ఉండె అని రాయి. ఇంకేం రాయకున్నా మంచిదే."

రాస్తున్నాను. దాని మొగుడు చదవాలని, పిల్లలు చదవాలని, ఆ ఊరి సారు చదవాలని రాస్తున్నాను. అలివేలుకు పోవాలని ఉండింది. నాకంటే ఎక్కువ ఉండింది. తను ఉండిపోతానని అది నాతో ఎప్పుడూ అనలేదు, ఆ మాట నేను పుట్టించాను. పుట్టించేటప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు.